ఇంటిపేరు లేని వెంకటేశ్‌లు: కంటైనర్లలో ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ గుర్తింపు

(బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం తెలుగు ఇంజనీర్లు కలిసినప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని వచ్చారంటే మీకు స్టోరేజ్ మీద ప్రేమైనా ఉండాలి, ప్రొడక్షన్‌లో ఏదో తగలబడుతూనైనా ఉండాలి. రెండోదే అని నా అనుమానం.

నేను ఈ ఊరొచ్చి మొదట దిగిన పీజీలో ఓనర్ ఆంటీ దగ్గర పొడుగాటి రిజిస్టర్ ఒకటి ఉండేది. అందులో పేరొక్కటే రాసుకునేవారు. మేమేమో అనంతపురం, కడప, నెల్లూరు నుంచి దిగిన బ్యాచి. వెంకటేశ్‌లే ముగ్గురు. ఒకడి కొరియర్ ఇంకొకడు విప్పడం, ఒకడు కట్టిన అద్దె ఇంకొకడి లెక్కలో పడటం మామూలే. ఇప్పుడు ఆ ఆంటీని ఇంకాస్త రూల్స్ మనిషిగా ఊహించుకోండి. కొత్తవాడెవడో వచ్చి "నా పేరు వెంకటేశ్, ఇవాళే దిగాను" అంటాడు. "ఓహో, మన వెంకటేశే వెళ్లిపోయి మళ్లీ వచ్చాడు" అనుకుని ఆవిడ పాత వెంకటేశ్ బీరువా తాళం తీయించి, సామాను బయట పెట్టించేస్తారు. సాయంత్రం పాతవాడు ఆఫీసు నుంచి వస్తాడు. తాళం పట్టదు. "ఆంటీ, నేను వెంకటేశ్‌ని, మళ్లీ చేర్చుకోండి" అంటాడు. ఈసారి కొత్తవాడి సామాను బయటికి.

ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే వేరే మెషీన్‌లో ఉన్న ఫైళ్లని నెట్‌వర్క్ మీదుగా మనవే అన్నట్టు వాడుకునే పద్ధతి. ఫైళ్లిచ్చేది సర్వర్, అడిగేది క్లయింట్. ఆ ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4 సర్వర్ అచ్చం ఈ ఆంటీయే.

వెర్షన్ 3 రోజుల్లో ఈ గొడవ ఇంతగా లేదు. 1995 నాటి ఆ ప్రొటోకాల్‌లో సర్వర్ ఎవరినీ పెద్దగా గుర్తు పెట్టుకోదు. చదవమంటే చదువుతుంది, రాయమంటే రాస్తుంది. లాకుల సంగతి, అంటే ఒకరు వాడే ఫైలుని ఇంకొకరు కదపకుండా వేసే తాళాల సంగతి, పక్కన ఇంకో ప్రొటోకాల్ చూసుకునేది. వెర్షన్ 4 వచ్చాక సర్వరే లెక్క రాసుకోవడం మొదలెట్టింది: ఎవరు ఏ ఫైలు తెరిచారు, ఎవరు లాకు వేశారు, ఎవరి లీజు, అంటే ఆ హక్కుల గడువు, ఎప్పటిదాకా. లెక్క రాయాలంటే పేరు కావాలి కదా. అందుకే క్లయింట్ మొదటి పలకరింపులోనే రెండు సంగతులు చెబుతుంది. ఒకటి తన పేరు, ఒక అక్షరాల వరస. రెండోది వెరిఫయర్, అంటే "నేను ఈసారి లేచింది ఫలానా క్షణంలో" అన్నమాట. అదే పేరు, వేరే వెరిఫయర్ వస్తే సర్వర్ దృష్టిలో ఒకటే అర్థం: ఆ మెషీన్ పడిపోయి మళ్లీ లేచింది. పాత లాకులన్నీ కొట్టేస్తుంది. ఇందులో సర్వర్ తప్పేం లేదు. నిజంగా పడి లేచిన మెషీన్ విషయంలో చెయ్యాల్సింది అదే.

మరి లినక్స్ క్లయింట్ తన పేరు ఎక్కడ తెచ్చుకుంటుంది? మీరేం చెప్పకపోతే హోస్ట్‌నేమ్ నుంచి, అంటే మెషీన్‌కి పెట్టిన పేరు నుంచి. "లినక్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ వీ 4.2" అని రాసి, పక్కన హోస్ట్‌నేమ్ తగిలిస్తుంది. అంతే. కంటైనర్ అంటే ఒకే మెషీన్ మీద విడి గది కట్టి నడిపే ప్రోగ్రామ్. దానికి తన సొంత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్, అంటే విడి నెట్‌వర్క్ ప్రపంచం, ఉండి, లోపలి నుంచే మౌంట్ చేస్తే, అంటే సర్వర్ ఫోల్డర్‌ని తగిలించుకుంటే, అది వేరే క్లయింట్. దాని వెరిఫయరూ వేరే. హోస్ట్‌నేమ్ మాత్రం మీరు ఏది పెడితే అది.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. కంపెనీ పేరు వద్దులెండి. ఒకే టెంప్లేట్ నుంచి క్లోన్ చేసిన రెండు వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు, ఒక్కోదాంట్లో ఒక కంటైనర్. కాన్ఫిగరేషన్ ఫైల్లో ఎవరో మహానుభావుడు హోస్ట్‌నేమ్ "వర్కర్" అని రాసేశాడు. సరే, ఆ మహానుభావుణ్ని నేనే. ఒక్క కంటైనర్ నడిచినన్నాళ్లూ అంతా సుఖం. రెండోది లేచిన రాత్రి నుంచి లాకు వేసిన ఫైళ్ల మీద ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు. అదీ ప్రతిసారీ కాదు, ఉండి ఉండి. నెట్‌వర్క్ టీమ్ స్టోరేజ్ అంది, స్టోరేజ్ టీమ్ నెట్‌వర్క్ అంది. కేబుల్ మార్చాం. స్విచ్ పోర్టు మార్చాం. టెన్షన్ తగ్గక టీ మీద టీ తాగాం.

దొరికింది సర్వర్ వైపు. లినక్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌లో కెర్నల్ 5.3 నుంచి ప్రాక్ కింద, ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ లోపల, క్లయింట్స్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. ఒక్కో క్లయింట్‌కి ఒక్కో నంబరు, అందులో ఇన్ఫో అనే ఫైలు. తెరిస్తే పేరు, ఐపీ అడ్రస్ కనిపిస్తాయి. మాకు రెండు నంబర్లుండాల్సింది, ఒకటే ఉంది. రెండు నిమిషాలాగి మళ్లీ చూస్తే నంబరు మారింది. పేరు అదే "వర్కర్", అడ్రస్ మాత్రం రెండో వీఎంది. ఇంకోసారి చూస్తే మళ్లీ మొదటిది. ఇద్దరు వెంకటేశ్‌లు ఒకరి సామాను ఒకరు బయట పెట్టించుకుంటున్నారు, రాత్రంతా. ఇందులో విసిగించే సంగతేంటంటే, ఎర్రర్ ఎక్కడా "పేరు కలిసింది" అని చెప్పదు. కెర్బెరోస్ అనే గుర్తింపు తనిఖీ పద్ధతి వాడి, ఇద్దరి ఆధారాలూ వేరైతే, ఆ పేరు వాడకంలో ఉందని సర్వర్ నేరుగా తిప్పికొడుతుంది. మామూలు సిస్ సెక్యూరిటీలో, అంటే క్లయింట్ చెప్పిన యూజర్‌నే నమ్మే పద్ధతిలో, ఇద్దరూ రూటే, కాబట్టి నమ్మేస్తుంది.

దీనికి మందు మన ఇళ్లలోనే ఉంది: ఇంటిపేరు. కెర్నల్‌లో యూనిక్ ఐడీ అని ఒక అరుంటుంది. అది నింపితే పేరు "యూనిక్ ఐడీ, ఏటవాలు గీత, హోస్ట్‌నేమ్" అవుతుంది. మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఎన్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్‌కి ప్యారామీటర్‌గా ఇస్తే మెషీన్ మొత్తానికి వర్తిస్తుంది. క్లోన్ చేసిన వీఎంలకి అది చాలు. కంటైనర్లకి చాలదు. ఆ మెషీన్ మీది కంటైనర్లన్నిటికీ ఒకటే ఇంటిపేరు వస్తుంది. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ వెంకటేశ్ అని పెడితే ఇంటిపేరు ఏం చేస్తుంది? అందుకే ఒక్కో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కీ విడిగా ఇచ్చే వీలుంది: సిస్ ఎఫ్‌ఎస్ కింద, ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ ఫోల్డర్‌లో ఐడెంటిఫయర్ అనే ఫైలు. కంటైనర్ నేమ్‌స్పేస్‌లోంచి దాన్ని తెరిస్తే దాని సొంత విలువే కనిపిస్తుంది. అందులో ఒక యూయూఐడీ, అంటే ఇంకెవరితోనూ కలవని పొడుగాటి గుర్తింపు నంబరు, రాయండి. అదీ మొదటి మౌంట్‌కి ముందే. మౌంట్లు నడుస్తుండగా పేరు మార్చడం పెళ్లిపందిట్లో జాతకం మార్చడం లాంటిది. మేం ఆ రాత్రి అన్నీ అన్‌మౌంట్ చేసి, రాసి, మళ్లీ మౌంట్ చేశాం. చాలాచోట్ల కంటైనర్ లోపల ఈ సిస్ ఎఫ్‌ఎస్ రీడ్ ఓన్లీగా ఉంటుంది, అప్పుడు బయటి నుంచి ఆ నేమ్‌స్పేస్‌లోకి దూరి రాయాలి.

"ఐపీ అడ్రస్ వాడితే పోలా?" అని ప్రతిసారీ ఒకరు అడుగుతారు. కంటైనర్లు నడిపే డాకర్ టూల్ డిఫాల్ట్ బ్రిడ్జ్‌లో, అంటే దాని లోపలి నెట్‌వర్క్‌లో, మొదటి కంటైనర్‌కి మామూలుగా వచ్చే అడ్రస్ 172.17.0.2. ఈ హాల్లో ఎన్ని లాప్‌టాప్‌లుంటే అన్నింట్లోనూ అదే. మెషీన్ ఐడీ, అంటే లినక్స్ ఇన్‌స్టాలేషన్‌కి ఉండే గుర్తింపు నంబరు, వాడదాం అంటారు ఇంకొందరు. క్లోన్ చేసిన వీఎంలో అదీ క్లోనే అవుతుంది, టెంప్లేట్‌లో ముందే తుడిచి ఉంటే తప్ప. పైగా దాన్ని బయటపెట్టకూడదని ఆ ఐడీని తయారుచేసే సిస్టమ్‌డీ సాఫ్ట్‌వేర్ వాళ్లే చెబుతారు. క్లయింట్ పేరేమో వైరు మీద వెళ్లేది. వాడక తప్పదంటే దాన్నుంచి హ్యాష్ తీసి వాడండి.

ఇంకో తప్పు దీనికి తిరగేసింది. డాకర్‌ని వదిలేస్తే హోస్ట్‌నేమ్‌గా తన కంటైనర్ ఐడీలోని మొదటి 12 అక్షరాలు పెడుతుంది. ఎవరితోనూ కలవదు, బానే ఉంది. కానీ కంటైనర్ కొత్తగా తయారైన ప్రతిసారీ కొత్త పేరు. సాయంత్రం వానకి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి మెషీన్ పడిందనుకోండి. లేచాక పాత కంటైనర్ బదులు కొత్తది తయారై, కొత్త పేరుతో వచ్చి లాకు అడుగుతుంది. సర్వర్ పాత పేరు మీదున్న లాకు చూపించి ఆగమంటుంది. లినక్స్ సర్వర్‌లో లీజు మామూలుగా 90 సెకన్లు. అది ముగిసేదాకా మీ డేటాబేస్ లేవదు. పేరు పాతదే అయ్యుంటే మొదటి పలకరింపులోనే పాత లాకులు పోయేవి. పడిపోయింది సర్వరైతే సంగతి ఇంకో రకం. అది లేచాక లాకులు తిరిగి అడగడానికి గడువిస్తుంది. తనకు తెలిసిన పేర్లకే ఇస్తుంది.

కాబట్టి యూయూఐడీ ప్రతి బూట్‌కీ కొత్తగా పుట్టించే స్క్రిప్ట్ రాయకండి. నేనది కూడా రాశాను. ఒక్కసారి పుట్టించి, కంటైనర్ చచ్చినా మిగిలే చోట, హోస్ట్ మీదో వాల్యూమ్‌లోనో దాచండి. స్టార్టప్‌లో చదివి, ఐడెంటిఫయర్‌లో రాసి, ఆ తర్వాతే మౌంట్. చాలా మెషీన్ల మీద కంటైనర్లు నడిపించే కుబర్నెటీస్‌లో మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్ వాల్యూమ్‌లు వాడేవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకోండి. అక్కడ మౌంట్ చేసేది నోడే, అంటే మెషీనే, దాని మీద నడిచే కంటైనర్ల గుంపైన పాడ్ కాదు. నోడ్ల పేర్లు కలవకుండా చూసుకుంటే చాలు.

ఇప్పుడు స్క్రీన్ వైపు చూడండి. రెండు కంటైనర్లు, రెండింటికీ హోస్ట్‌నేమ్ వెంకటేశే. ఎడమ పక్క సర్వర్ ఇన్ఫో ఫైలు. ముందు ఇంటిపేరు లేకుండా మౌంట్ చేస్తున్నాను, మీరు అడ్రస్ లైన్ మీద కన్నేసి ఉంచండి.