పైకి బాగానే కనిపించే బ్రేక్ హోస్ పైపు లోపల ఏం చేస్తుంది?

(ఇంటి ముందు. స్టాండు మీద పాత మారుతి 800, ముందు కుడి చక్రం విప్పి ఉంది. చేతిలో విప్పిన పాత హోస్ పైపు.)

ఈ పైపు చూడండి, బ్రేక్ ఆయిల్‌ని చక్రం దగ్గరి బ్రేకుకి చేర్చే రబ్బరు గొట్టం ఇది. పగుళ్లు లేవు, ఉబ్బు లేదు, తడి లేదు. నాకు సుంకి ఘాట్‌లో చెమటలు పట్టించింది మాత్రం ఇదే.

మాది ఒడిశాలోని కోరాపుట్. సాలూరు వైపు దిగాలంటే సుంకి ఘాటే దారి. సెకండ్ గేర్‌లో దిగుతాం, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చునే అలవాటు లేదు. అయినా పోయిన వానాకాలం సగం దిగేసరికి మాడు వాసన, స్టీరింగ్ కుడికి లాగుతోంది, ఆపి చూస్తే కుడి చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు మామూలుగా తిరిగింది, అదీ తమాషా. మెకానిక్ ఒకసారి ప్యాడ్లు మార్చాడు, ఇంకోసారి కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) కిట్ వేశాడు, డబ్బులు రెండుసార్లూ తీసుకున్నాడు. మళ్లీ ఘాట్ దిగితే మళ్లీ అదే వాసన.

(పైపును బ్లేడుతో నిలువునా కోయడం, బాగా దగ్గరగా.)

పైన రబ్బరు, మధ్యలో దారంతో అల్లిన పొర, లోపల ఇంకో రబ్బరు గొట్టం. చూడండి, ఈ లోపలి గొట్టం ఉబ్బి, దారి సూది బెజ్జమంత అయిపోయింది. పెడల్ తొక్కితే కాలి బలానికి బ్రేక్ ఆయిల్ ఎలాగోలా దూరిపోతుంది. కాలు తీసేశాక వెనక్కి రావాలంటే కాలిపర్ సీలు కాస్త వెనక్కి గుంజే బలం తప్ప ఇంకేమీ లేదు. ఈ సందులోంచి రావడానికి అది చాలదు. ఒత్తిడి అక్కడే ఉండిపోతుంది, ప్యాడ్ డిస్క్‌ని పట్టుకునే ఉంటుంది, చుక్క చుక్కగా తిరిగొచ్చాకే చక్రం వదులుతుంది. నేను అరగంట ఆగితే బాగైపోయింది అందుకే.

మీ బండిలోనూ ఇదేనా అని తేల్చుకోవడం తేలిక. చక్రం పైకి లేపండి, జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండు పెట్టండి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టండి. పెడల్ నాలుగుసార్లు గట్టిగా తొక్కి వదిలి చక్రం తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే కాలిపర్ మీది బ్లీడింగ్ నిపుల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) కొంచెం వదులు చేయండి, ఆయిల్ కంట్లో పడకుండా మొహం పక్కకి పెట్టుకుని. అప్పటికీ చక్రం తిరక్కపోతే కాలిపర్ పిస్టనో, పిన్నులో పట్టేశాయి. నిపుల్ తెరవగానే తిరిగితే ఒత్తిడి ఎక్కడో ఇరుక్కుంది. అప్పుడు నిపుల్ మూసి మళ్లీ తొక్కి, ఈసారి హోస్‌కి పైన, ఇనుప పైపు కలిసే నట్టు వదులు చేయండి. అక్కడ తెరిచినా చక్రం వదలకపోతే దొంగ హోసే.

పైకి కనబడే జబ్బులు మీకు తెలిసినవే. పైపు వంచితే పగుళ్లు, కొసల్లో తుప్పు, తడి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరుకి రాసుకున్న మరక. ఉబ్బు మాత్రం ఎవరో ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటేనే కనబడుతుంది, మా ఇంట్లో ఆ డ్యూటీ బావమరిదిది. మన ఎర్రమట్టిని గుడ్డతో తుడిచాకే చూడండి. వీటిలో ఒక్కటి కనిపించినా మార్చేయడమే, అదీ కుడి ఎడమ రెండూ కలిపి.

కొనేటప్పుడు పాత పైపు పట్టుకెళ్లి పొడవు, మర కలిపి చూసుకోండి. పైపు మీద ఎస్‌ఏఈ జే1401 (బ్రేక్ హోస్‌ల ప్రమాణం) అని ఉంటే మంచిది, అచ్చు లేని బోడి పైపు వద్దు. ఇక్కడి షాపులో పార్టు పేరు ఇంగ్లీషులో చెప్పి, ఒడియాలో అడిగి, బేరం తెలుగులో ఆడే బతుకు మనది.

(ఇనుప పైపు నట్టు మీద కెమెరా.)

ఇక్కడే అందరూ చెడగొట్టుకుంటారు. మామూలు ఓపెన్ పానా వేస్తే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, నట్టుని చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా వాడండి, రెండో పానాతో హోస్ కొసని కదలకుండా పట్టుకోండి. హోస్ తిరిగిందా, ఇనుప పైపు మెలిపడి విరుగుతుంది, అప్పుడు ఖర్చు వేరే లెక్క. నట్టు విడిచాక యూ క్లిప్పు లాగి, ఆఖర్న కాలిపర్ వైపు బోల్టు తీయండి. ఆయిల్ కారకుండా హోస్‌ని కటింగ్ ప్లయర్‌తో నొక్కి పట్టేవాళ్లని చాలామందిని చూశాను. దయచేసి వద్దు, లోపలి గొట్టం నలిగేది అలాగే. ఇనుప పైపుకి రబ్బరు టోపీ పెడితే సరిపోతుంది. కాలిపర్‌ని హోస్ మీద వేలాడదీయొద్దు, తీగతో కట్టేయండి.

కొత్తది బిగించేటప్పుడు బోల్టుకి రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయండి, పాతవి కారతాయి. చాలా పైపుల మీద నిలువుగా ఒక గీత ఉంటుంది. బిగించాక ఆ గీత మెలి తిరిగిందంటే పైపు మెలిపడినట్టే, విప్పి మళ్లీ బిగించాలి. తర్వాత స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి ఎక్కడా రాసుకోవట్లేదని చూడండి.

ఇక పైపులో దూరిన గాలి తీయడం. ఆయిల్ రకం డాట్ 3నా డాట్ 4నా అన్నది బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఉంటుంది, అదే పోయండి, సీలు తీసి ఏడాది మూల పడున్న బాటిల్ వద్దు, అది గాల్లో చెమ్మ పీల్చేసి ఉంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. చెమ్మ పట్టాక ఆ కనీస హద్దు 140కి పడిపోతుంది, ఘాట్‌లో బ్రేకు వేడికి ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి ఈ తేడా కాలికి తెలుస్తుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది. తొక్కి పట్టు, నిపుల్ తెరువు, మూయి, వదులు, బుడగలు ఆగేదాకా ఇంతే. డబ్బా మాత్రం ఖాళీ అవనివ్వొద్దు.

పెడల్ గట్టిపడ్డాక ఇంజన్ ఆన్ చేసి గట్టిగా తొక్కి పట్టుకోండి, జాయింట్లు తడిసాయేమో ఇంకొకరు చూడాలి. ముందు వీధిలోనే మెల్లగా నడపండి.

నేనైతే మరుసటి ఆదివారం మళ్లీ సుంకి దిగాను. కింద ఆపి రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తే ఒకేలా వెచ్చగా ఉన్నాయి. బావమరిది అప్పటిదాకా డోర్ హ్యాండిల్ వదల్లేదు, అది వేరే సంగతి.