నల్ల ఫిల్మ్ వేసినా కారులో వేడి ఎందుకు తగ్గలేదు?

వ్యాఖ్యాత: లైన్లో ఉన్నారమ్మా, అడగండి.

శ్రోత: నమస్కారం సార్. కారు అద్దాలకు బాగా నల్లటి ఫిల్మ్ వేయించాం. కళ్లకు హాయిగానే ఉంది గానీ వేడి మాత్రం పెద్దగా తగ్గలేదు. ఇంకా ముదురుది వేయించాలా?

నిపుణుడు: వద్దమ్మా. నలుపు వెలుతురును ఆపుతుంది, వేడి సంగతి వేరు. ఎండలో దాదాపు సగం శక్తి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలదే. మామూలు రంగు ఫిల్మ్ వాటిని పెద్దగా అడ్డుకోదు. పైగా అది పీల్చుకున్న వెలుతురుతో అద్దమే వేడెక్కి, ఆ వేడిలో కొంత లోపలికి వదులుతుంది. బండి నడుస్తుంటే బయటి గాలికి అద్దం చల్లబడుతుంది. ఎండలో నిలిపారా, ఆ సాయం కూడా ఉండదు.

శ్రోత: షాపులో సిరామిక్ ఫిల్మ్ వెనక చెయ్యి పెట్టమని బల్బు వెలిగించారు సార్. వేడే తెలియలేదు. 97 శాతం ఆపుతుందన్నారు.

నిపుణుడు: సిరామిక్, అంటే సన్నటి సిరామిక్ రేణువులు కలిపిన ఫిల్మ్, మంచిదేనమ్మా. కానీ ఆ అంకె ఇన్‌ఫ్రారెడ్‌ది, అదీ చాలాసార్లు ఆ ఇన్‌ఫ్రారెడ్ కిరణాల్లో కొంత భాగానికే కట్టిన లెక్క. మీరు అడగాల్సింది టి.ఎస్.ఈ.ఆర్. అంటే మొత్తం ఎండ శక్తిలో ఎంత శాతం లోపలికి రాకుండా ఆగుతుందో చెప్పే అంకె. అది 60 దగ్గర ఉంటే ధైర్యంగా తీసుకోండి. బల్బును కూడా ఐదు నిమిషాలు వెలగనిచ్చి, అప్పుడు అద్దాన్ని ముట్టుకుని చూడండి. సిరామిక్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువగా పీల్చుకునే రకం, కాబట్టి అద్దం కాలుతుంది. మొదటి నిమిషంలో అది తెలియదు.

శ్రోత: మరి ముందు అద్దానికి?

నిపుణుడు: అసలు వేడి వచ్చేది అక్కడినుంచే. పెద్దది, వాలుగా ఉంటుంది. దానికి రంగు లేని సిరామిక్ చాలు, చూపుకు ఇబ్బంది ఉండదు. మీ దగ్గర ఎంత వెలుతురు రావాలని నిబంధన ఉందో ముందు కనుక్కోండి. లోహపు పూత ఉన్న రకాలు జీపీఎస్, ఫోన్ సిగ్నల్‌ను దెబ్బతీయొచ్చు. ఏ ఫిల్మ్ వేసినా ఎండలో ఆపిన కారు వేడెక్కక తప్పదు, కాస్త నెమ్మదిగా వేడెక్కుతుందంతే. పిల్లల్ని లోపల ఒక్క నిమిషం కూడా వదలకండి తల్లీ.

శ్రోత: వదలం సార్. పాతది తీయించాలి కదా?

నిపుణుడు: తీయించండి. వెనక అద్దం మీద మంచు పోగొట్టే సన్నటి గీతలుంటాయి చూడండి, అక్కడ బ్లేడు పెట్టనివ్వకండి. ఆవిరి పట్టించి నిదానంగా లాగమనండి.