మ్యాడిసన్‌లో టికెట్ లేని జూ, ఆవాల మ్యూజియం | అత్తయ్యగారితో, పిల్లలతో ఒక శనివారం

నమస్తే అండీ. మా అమ్మ రెండు వారాలుగా ఒకటే పోరు, "ఎప్పుడు చూసినా ఆ వంటింటి వీడియోలేనా, మీ ఊరు చూపించు, పిల్లలు ఎక్కడ ఆడుకుంటారో చూపించు" అని. అందుకే ఈ శనివారం కెమెరా పట్టుకునే బయల్దేరాం. కాకినాడ నుంచి అత్తయ్యగారు వచ్చి నెల కావస్తోంది, ఆవిడ కూడా ఇంట్లోనే కూర్చుని కూర్చుని విసిగిపోయి ఉన్నారు. సరే, మేమిద్దరం, పెద్దోడు, చిన్నది, అత్తయ్యగారు, మొత్తం ఐదుగురం.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మ్యాడిసన్ అంటే విస్కాన్సిన్ రాష్ట్రానికి రాజధాని. షికాగో నుంచి కారులో రెండున్నర గంటలు. 2020 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో ఉన్నది 2,69,840 మంది, అంటే మన విజయవాడలో నాలుగో వంతు. రెండు పెద్ద చెరువుల మధ్య సన్నటి నేల మీద ఊరి నడిబొడ్డు ఉంటుంది, అక్కడే కాపిటల్, అంటే వీళ్ళ అసెంబ్లీ భవనం. 1917లో పూర్తయింది, పైన ఆ పెద్ద గుమ్మటం అంతా గ్రానైటే. లోపలికి ఎవరైనా వెళ్ళొచ్చు, టికెట్ లేదు. ముందు దాంతోనే మొదలుపెడదాం అనుకున్నాం.

కానీ శనివారం కదా, ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఆ భవనం చుట్టూ రైతు బజారు పెడతారు. 1972 నుంచి ఉంది. పండించినవాళ్ళే అమ్మాలి, మధ్యలో దళారులు ఉండరు. మన రైతు బజారు లాంటిదే కాబట్టి దాని గురించి పెద్దగా చెప్పను, ఒక్క తేడా మాత్రం చెప్పి తీరాలి. ఇక్కడ జనం అంతా ఒకే దిక్కుగా నడుస్తారు, భవనం మన ఎడమ చేతి వైపు ఉండేలా. బోర్డేమీ ఉండదు, అదో అలవాటు. అత్తయ్యగారు రెండడుగులు వేసి ఆగిపోయారు. "ఇదేంటమ్మా, అప్రదక్షిణంగా తిరుగుతున్నారు, గోపురంలా అంత పెద్దది మధ్యలో పెట్టుకుని?" గుడి కాదు అత్తయ్యా, అసెంబ్లీ అని చెప్పినా ఆవిడకి కాలు ముందుకు పడలేదు. చివరికి ఆవిడా నేనూ కుడివైపు నుంచి బయల్దేరాం, ఎదురొచ్చేవాళ్ళంతా నవ్వుతూ దారి ఇచ్చారు, ఒక ముసలాయన అయితే అత్తయ్యగారి చీర చాలా బావుందని ఆపి మరీ చెప్పాడు. అది నేను తెలుగులో చెప్పేసరికి ఆవిడ మొహం చూడాలి! అక్కడే గంటన్నర అయిపోయింది, చీజ్ కర్డ్స్ అని పంటి కింద కీచుకీచుమనే జున్నుముక్కల్లాంటివి ఏడు డాలర్లకు కొన్నాం, అంటే 630 రూపాయలు (డాలరుకి తొంభై వేసుకుంటున్నాను, మీరూ అలాగే వేసుకోండి). కాపిటల్ లోపలికి వెళ్ళనే లేదు. పర్వాలేదు, అది ఎక్కడికీ పోదు.

అక్కడి నుంచి యూనివర్సిటీ జియాలజీ మ్యూజియంకి పరుగు, ఎందుకంటే శనివారం అది మధ్యాహ్నం ఒంటిగంటకే మూసేస్తారు. ఇది కూడా ఉచితమే. చిన్న మ్యూజియం, గంట చాలు. మా పెద్దోడికి ప్రాణం. తలుపు దాటి కాస్త లోపలికి వెళ్ళగానే మాస్టడాన్ అస్థిపంజరం, ఏనుగుకి దూరపు చుట్టం అనుకోండి, ఎప్పుడో మంచుయుగం నాటిది. 1897లో ఈ రాష్ట్రంలోనే బోవజ్ అనే పల్లెలో పెద్ద గాలివానకి ఏటిగట్టు కోసుకుపోతే అందులోంచి ఎముకలు బయటపడ్డాయట, చూసింది ఒక రైతు ఇంటి పిల్లలు. పిల్లలు కనిపెట్టారన్న మాట వినగానే మావాడు ఇంటి వెనక పెరట్లో తవ్వుతానని మొదలుపెట్టాడు. ఇంకో చీకటిగది ఉంది, అందులో ప్రత్యేకమైన దీపం వేస్తే మామూలు రాళ్ళు ఆకుపచ్చగా, నారింజగా వెలుగుతాయి. చిన్నది కాసేపు భయపడి నా కొంగు పట్టుకుంది, తర్వాత బయటికి రానంది. ఇక్కడ ఒకప్పుడు అగ్నిపర్వతాలు ఉండేవి, ఆ కాలం నాటి రాళ్ళని చేత్తో ముట్టుకోనిస్తారు. పిల్లలున్న ఇళ్ళకి ఆ ముట్టుకోవడమే ముఖ్యం. అద్దం వెనక పెట్టి "దూరం, దూరం" అంటే నాలుగేళ్ళ పిల్లకి ఏం పడుతుంది చెప్పండి.

ఇప్పుడు అసలైన చోటు. హెన్రీ విలాస్ జూ.

మన వైజాగ్ జూ చూసినవాళ్ళు ముందే మనసు సిద్ధం చేసుకోండి. కంబాలకొండ పక్కన, సముద్రానికి ఎదురుగా, ఆరు వందల ఎకరాల పైన ఉంటుంది మనది. ఇది మొత్తం 28 ఎకరాలు. అత్తయ్యగారు లోపలికి రాగానే "ఇంతేనా?" అన్నారు. ఇంతే. కానీ సింహం ఉంది, ఒరాంగుటాన్ ఉంది, ఈ రాష్ట్ర జంతువు బ్యాడ్జర్ ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా ధ్రువపు ఎలుగుబంట్లు ఉన్నాయి. 2015లో వాటి కోసం ఆర్కిటిక్ పాసేజ్ అని కొత్తగా కట్టారు. పెద్ద అద్దం, అవతల నీళ్ళు, ఆ నీళ్ళలో ఎలుగుబంటి ఈదుకుంటూ వచ్చి పంజా అద్దానికి ఆనిస్తే ఇవతల మా చిన్నదాని మొత్తం మొహం ఆ పంజాలో సగం లేదు. పక్కనే హోటల్, తింటూ కూడా వాటిని చూడొచ్చు. అక్కడ ఫ్రెంచ్ ఫ్రైస్, జ్యూసులు, మాకు కాఫీలు కలిపి ముప్పై డాలర్లు, అంటే 2,700 రూపాయలు. అత్తయ్యగారికి ఆ లెక్క చెప్పలేదు. (ఇప్పుడు వీడియోలో వింటారు, ఏం చేస్తాం!)

మరి టికెట్ ఎంత? సున్నా. పార్కింగ్? అదీ సున్నా. ఏడాది పొడవునా అంతే. పిల్లల రంగులరాట్నం, చిన్న రైలు, వాటికి మాత్రం డబ్బులు కట్టాలి. ఉత్తర అమెరికాలో ఇలా పూర్తి ఉచితంగా ఉన్న జూలు చాలా తక్కువ. షికాగో చుట్టుపక్కల, మిల్వాకీలో ఉన్న పెద్ద వాటికి వెళ్ళినవాళ్ళకి తెలుసు, టికెట్లు, పార్కింగ్, తిండి కలిపి ఒక కుటుంబానికి పది, పదిహేను వేల రూపాయలు తేలిగ్గా అవుతాయి.

ఇది ఎందుకు ఉచితమో తెలిశాక నాకు ఈ చోటంటే ప్రేమ పెరిగింది. విలియం విలాస్ అని ఇక్కడి పెద్ద లాయరు, అమెరికా పోస్టుమాస్టర్ జనరల్‌గా చేశాడు, తర్వాత సెనేటరు అయ్యాడు. ఆయనా భార్య ఆనా కలిసి 1904లో ఈ పార్కు స్థలాన్ని ఊరికి ఇచ్చారు. వాళ్ళబ్బాయి హెన్రీ చిన్న వయసులోనే షుగర్ జబ్బుతో పోయాడు. ఇన్సులిన్ కనిపెట్టింది 1921లో, అంటే ఆ పిల్లాడి కాలానికి తల్లిదండ్రుల దగ్గర ఎంత డబ్బున్నా కొనడానికి మందే లేదు. ఆ కొడుకు పేరు పెట్టి స్థలం ఇస్తూ ఒక్క షరతు పెట్టారు, ఇక్కడికి వచ్చేవాళ్ళ దగ్గర ఎప్పటికీ ప్రవేశ రుసుము తీసుకోకూడదని. 1911లో జంతువుల్ని తెచ్చి జూ మొదలుపెట్టారు. అప్పటి నుంచీ ఇప్పటిదాకా ఆ మాట నిలబెడుతూనే ఉన్నారు, ఇప్పుడు డేన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ళు నడుపుతున్నారు. మా ఇంట్లో మావయ్యగారు షుగర్‌తోనే పోయారు. ఈ సంగతి నేను చెప్తుంటే అత్తయ్యగారు గేటు మీద పేరు దగ్గర నిలబడి చాలాసేపు కదల్లేదు, తర్వాత పర్సులోంచి ఐదు డాలర్లు తీసి మనవడి చేత అక్కడున్న విరాళాల డబ్బాలో వేయించారు.

ఒక మాట చెప్తాను, ఇది ఉచితం అని గొప్పకి చెప్పట్లేదు. నేను ఈ ఊరొచ్చిన మొదటి చలికాలం, పెద్దోడు చంటివాడు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు, సొంత సంపాదన లేదు, మా ఆయన పొద్దున్నే వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ వాడే. బయట మైనస్ పదిహేను. నాలుగు గంటలు దాటితే చీకటి. అమ్మకి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. ఎక్కడికి వెళ్ళాలన్నా ఆ డాలర్లని రూపాయల్లోకి మార్చుకుని, ఎందుకులే అని ఆగిపోయేదాన్ని. జూకి మాత్రం బస్సెక్కి వెళ్ళిపోయేదాన్ని. చలికాలం కూడా తెరిచే ఉంటుంది, లోపల వెచ్చటి గదులుంటాయి, మంచు పడుతుంటే ధ్రువపు ఎలుగుబంట్లు ఒక్కటే ఊళ్ళో సంతోషంగా ఉన్నట్టు కనిపించేవి. ఒక అరగంట ఉండి వాడు ఏడిస్తే వచ్చేయొచ్చు. టికెట్ కొంటే అలా రాలేం కదా! డబ్బులు కట్టాం కాబట్టి పిల్లలకి నిద్రొస్తున్నా, ఎండ మండుతున్నా అన్నీ చూపించి తీరాలి, ఆఖరికి అందరికీ తలనొప్పి. ఇక్కడైతే ఇవాళ కోతులు, రేపు తాబేళ్ళు, నచ్చినంత. అలాంటి ఒక మధ్యాహ్నమే ఇంకో తెలుగు అమ్మాయి కలిసింది, స్ట్రోలర్‌లో పిల్లాడితో "అదిగో సింహం, చూడు నాన్నా" అంటుంటే వెనక్కి తిరిగి చూశాను. ఇవాళ్టికీ ఈ ఊళ్ళో నాకు దగ్గరి మనిషి తనే.

సరే, అక్కడి నుంచి పక్క ఊరు మిడిల్టన్, ఇరవై నిమిషాలు. నేషనల్ మస్టర్డ్ మ్యూజియం. అవును, ఆవాల మ్యూజియమే! దీనికీ టికెట్ లేదు. బారీ లెవెన్సన్ అనే ఆయన ప్రభుత్వ లాయరుగా పనిచేసేవాడు. 1986లో తను అభిమానించే బేస్‌బాల్ జట్టు ఫైనల్ ఓడిపోతే నిద్రపట్టక అర్ధరాత్రి సూపర్ మార్కెట్‌కి వెళ్ళి మస్టర్డ్ (ఆవాలు నూరి చేసే పచ్చడి లాంటిది) సీసాలు కొనడం మొదలుపెట్టాడట. 1992లో ఉద్యోగం వదిలి మ్యూజియం పెట్టాడు, 2009లో ఇక్కడికి మార్చారు. ఇప్పుడు వేల సీసాలున్నాయి, డెబ్బైకి పైగా దేశాలవి. ఆగస్టు మొదటి శనివారం ఆవాల పండగ కూడా చేస్తారు.

అక్కడ రుచి చూపించే కౌంటరు ఉంటుంది, ఎన్నైనా అడగొచ్చు. కౌంటరులో అమ్మాయి చెప్పింది, ఆవగింజలో ఘాటు ముందే ఉండదట, దంచి తడి తగిలాకే లోపలి ఎంజైమ్ పనిచేసి ఘాటు పుడుతుందట, వెనిగర్ లాంటి పులుపు పోస్తే ఆ పని నెమ్మదించి ఘాటు నిలబడుతుందట. నేను తెలుగులో చెప్పగానే అత్తయ్యగారు "అందుకే కదా ఆవకాయకి మామిడికాయ పుల్లగా ఉండాలంటాం" అని అందుకున్నారు. ఇక ఆపడం ఎవరి తరం! ఆవకాయకి పిండి ఎంత, కారం ఎంత, ఉప్పు ఎంత, నువ్వులనూనె ఎప్పుడు, అన్నీ ఆవిడ తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లీషులో చెప్పడం, ఆ అమ్మాయి కాగితం తీసి రాసుకోవడం. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా వింటూ నిలబడ్డారు. నెల రోజులుగా ఈ దేశంలో ఆవిడకి టీవీ రిమోట్ కూడా మనవణ్ణి అడిగి వాడుకోవాల్సి వస్తోంది. ఆ కౌంటరు దగ్గర మాత్రం అందరికన్నా తెలిసిన మనిషి ఆవిడే, ఆ గొంతులోనే తెలిసిపోయింది. నాకు చాలా గర్వంగా అనిపించింది. వీడియోలో ఆ భాగం ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు, కాస్త పొడుగ్గా ఉంటుంది, చూడండి.

చిల్డ్రన్స్ మ్యూజియం కూడా ఉంది ఊరి మధ్యలో, కాపిటల్ పక్కనే, డాబా మీద తోట, కోళ్ళు, అక్కడి నుంచి చెరువులు కనిపిస్తాయి. దానికి టికెట్ ఉంది, కిందటిసారి ఐదుగురికి యాభై డాలర్ల పైనే అయింది, 4,500 రూపాయలు. పిల్లలు నాలుగైదు గంటలు కదలరు కాబట్టి నా దృష్టిలో దండగ కాదు, కానీ వేసవిలో అవసరం లేదు, మంచు పడ్డాక వెళ్ళండి.

వేసవికి అమ్మానాన్నల్ని తెచ్చుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, నయాగరా, న్యూయార్క్ ఎలాగూ చూపిస్తారు, కానీ వాళ్ళు ఉండేది మూడు, నాలుగు, ఆరు నెలలు. వారం మధ్యలో మీరు ఆఫీసులో ఉన్నప్పుడు వాళ్ళంతట వాళ్ళు వెళ్ళి గంటసేపు కూర్చుని రాగలిగే చోటు ఒకటి మీ ఊళ్ళో వెతికి పెట్టండి. మా అత్తయ్యగారికి జూకి వెళ్ళే బస్సు నంబరు, దిగాల్సిన స్టాపు తెలుగులో రాసిచ్చాను, మంగళవారం మనవరాలితో ఆవిడే వెళ్ళొస్తారట.

నాన్న ఖర్చెంత అని అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నాను. జున్నుముక్కలు ఏడు, హోటల్లో ముప్పై, రంగులరాట్నం, రైలు కలిపి పన్నెండు, డబ్బాలో ఐదు, ఆవాల మ్యూజియంలో అత్తయ్యగారు పట్టుబట్టి కొన్న మస్టర్డ్ సీసా తొమ్మిది. మొత్తం 63 డాలర్లు, 5,670 రూపాయలు. ఆ సీసా కాకినాడ వెళ్తుంది, వాళ్ళ చెల్లెలికట.