ఆల్ఫా రోమియో తిరిగొస్తే ఇంజన్‌తో రావాలి

సభాధ్యక్షుల వారికి, పాలకొల్లు, తణుకు, నరసాపురం వైపు నుంచి ఇంత దూరం భీమవరం వచ్చిన ఆటోమొబైల్ విద్యార్థులకి, వెనక వరసల్లో నిలబడిన మెకానిక్ మేస్త్రీలకి నమస్కారం. మేస్త్రీలు ముందుకి రండి. ఈ రోజు మాట్లాడేది మీ చేతిపని గురించే. ఇటలీ కార్ల కంపెనీ ఆల్ఫా రోమియో రేసుల్లోకి మళ్ళీ రావాలా, వస్తే ఎలా రావాలి అన్నదే నా మాట.

ఇంజన్ లోపల ఏముంటుందో నేను మొదటిసారి చూసింది పాలకొల్లులో ఒక షెడ్డులో. అప్పటికి నాకు పదకొండేళ్ళు. మా నాన్నగారి కారు హెడ్, అంటే ఇంజన్ పై మూత, దించారు. రికార్డుల్లో అది ప్రీమియర్ పద్మిని, జనం నోట్లో మాత్రం ఫియటే. తయారైంది బొంబాయిలో, పుట్టిల్లు ఇటలీలోని ట్యూరిన్. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, నలభై గుర్రాల బలం. మసి పట్టిన ఆ నాలుగు పిస్టన్లని గుడ్డతో తుడుస్తూ మేస్త్రి గారు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: బండి పరిగెత్తేది పెట్రోలుతో అనుకుంటాం గానీ, అసలు గుట్టంతా గాలిలో ఉంది. ఎంత గాలి లోపలికి పంపగలిగితే అంత బలం.

ఆ మాట పట్టుకుని ఇటలీలోని మిలాన్ నగరం దాకా వెళ్దాం. 1910లో అక్కడ మొదలైన కార్ల కంపెనీ ఆల్ఫా. 1915లో నికోలా రోమియో చేతికి వచ్చాక ఆల్ఫా రోమియో అయింది. 1923లో ఫియట్ నుంచి విత్తోరియో యానో అనే ఇంజనీరు ఈ కంపెనీకి వచ్చాడు. ఆయన గీసిన పీ2 కారు 1925లో తయారీదారుల తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచింది. మన ఫియట్ పుట్టిన ఇంట్లోనే ఆయన పని నేర్చుకున్నాడని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

ఆ కార్ల మీద ఉండే నాలుగాకుల గుర్తు కథ కూడా చెప్పాలి. 1923లో సిసిలీ ద్వీపంలో జరిగే తార్గా ఫ్లోరియో రేసుకి ఉగో సివోచ్చి అనే డ్రైవర్ తన కారు మీద తెల్ల చదరంలో నాలుగాకుల క్లోవర్ బొమ్మ వేయించుకుని గెలిచాడు. అదే ఏడాది సెప్టెంబరులో మోంజా ట్రాక్ మీద కొత్త కారు పరీక్షిస్తూ చనిపోయాడు. ఆ కారు మీద ఆ బొమ్మ లేదు. ఆ తర్వాత తెల్ల చదరం త్రికోణమైంది. తగ్గిన ఆ ఒక్క మూల సివోచ్చి గుర్తుగా అని చెబుతారు. బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టే మనకి ఆ మనసు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఇక 158 కారు. 15 అంటే ఒకటిన్నర లీటర్లు, 8 అంటే ఎనిమిది సిలిండర్లు. పేరులోనే ఇంజన్ ఉంది చూడండి! 1930లలో ఆల్ఫా రేసు కార్లని నడిపిస్తున్న మనిషి ఎంజో ఫెరారీ. మోడెనాలో ఆయన షెడ్డులోనే జోక్కినో కొలంబో ఈ కారుకి రూపం ఇచ్చాడు. 1938లో బయటికి వచ్చినప్పుడు దాని బలం 195 గుర్రాల దగ్గర ఉంది. 1951 నాటికి అదే ఒకటిన్నర లీటర్ల ఇంజన్ నాలుగు వందలు దాటింది. మన ఫియట్ కంటే సైజు సగం కూడా ఎక్కువ లేదు, బలం మాత్రం పదింతలు. ఎలా? కమ్మరి కొలిమి చూసిన వాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. తిత్తి నొక్కితే బొగ్గు ఎలా ఎర్రబడుతుంది? ఇంజన్ తిప్పే తిత్తి లాంటిది సూపర్‌చార్జర్. గాలిని కుక్కి కుక్కి సిలిండర్లోకి తోస్తుంది. ఆల్ఫా వాళ్ళు ఒక తిత్తి చాలక రెండు పెట్టారు. ఒకటి గాలిని నొక్కి రెండోదానికి ఇస్తే, అది ఇంకా నొక్కి ఇంజన్‌కి ఇస్తుంది. దీనికి ఖరీదు ఇంధనం. చివరికి వచ్చేసరికి ఆ కారు లీటరుకి అర కిలోమీటరు చొప్పున తాగేది.

1950 మే 13న ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ కార్ల రేసుల ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది. ఆ తొలి రేసులో మొదటి మూడు స్థానాలూ ఆల్ఫావే. ఆ ఏడాది ఆల్ఫా పాల్గొన్న ఆరు రేసులూ ఆల్ఫానే గెలిచింది. ఆల్ఫా డ్రైవర్ ఫరీనా చాంపియన్ అయ్యాడు, మరుసటి ఏడాది ఇంకో ఆల్ఫా డ్రైవర్ ఫాంజియో.

కానీ 1951 జులైలో అదే సిల్వర్‌స్టోన్‌లో ఫెరారీ సొంత కారు, అర్జెంటీనా డ్రైవర్ గోంజాలెజ్ చేతిలో, ఆల్ఫాలని ఓడించింది. అప్పటికి ఎంజో ఆల్ఫా వదిలేసి సొంత కంపెనీ పెట్టుకున్నాడు. ఆ కారు ఇంజన్ నాలుగున్నర లీటర్లు, సూపర్‌చార్జర్ లేదు, తాగుడు తక్కువ. ఆ గెలుపు రోజున ఆనందంతో ఏడ్చాననీ, అందులోనే తల్లిని చంపుకున్నానన్న బాధ కలిసిందనీ ఆయన తర్వాత రాసుకున్నారు. పని నేర్పిన షెడ్డుని ఓడించిన శిష్యుడి మాట అది. ఆ ఏడాది చివర్లో ఆల్ఫా తప్పుకుంది. 1938 నాటి కారుని ఇంకా సాగదీయడం కుదరదు, కొత్తది కట్టడానికి డబ్బు లేదు.

రెండో రాక గురించి ఎక్కువ చెప్పను. ముందు బ్రాబమ్ టీముకి ఇంజన్లు ఇచ్చారు, 1978లో నికీ లౌడా వాటితో రెండు రేసులు గెలిచాడు. 1979 నుంచి 1985 వరకు సొంత కార్లు దించారు, ఒక్క గెలుపూ రాలేదు. 1980లో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో వాళ్ళ డ్రైవర్ జాకోమెల్లి ముందు స్థానం నుంచి బయల్దేరి, రేసులో ముందుండి కూడా, కరెంటు వైరింగు దెబ్బతిని ఆగిపోయాడు. ఓడిపోయారు, నిజమే. అయినా ఆ ఓటమి వాళ్ళ ఇంజన్‌తో వచ్చిన ఓటమి. దాన్ని నేను గౌరవిస్తాను.

మూడో రాకతోనే నాకు పేచీ. 2018లో స్విట్జర్లాండ్‌లోని సౌబర్ టీము కారు మీద ఆల్ఫా రోమియో పేరు కనబడింది. 2019 నుంచి టీము పేరే ఆల్ఫా అయింది. 2023 చివరి దాకా నడిచింది. 2022లో టీముల పట్టికలో ఆరో స్థానం వచ్చింది. కుర్రాళ్ళు సంబరపడ్డారు, నేనూ మొదట్లో సంబరపడ్డాను. తర్వాత కారు లోపలేముందో చూస్తే కట్టింది సౌబర్, ఇంజన్ ఫెరారీది. తల్లిని ఓడించానని ఏడ్చిన కొడుకు ఇంటి ఇంజన్, తల్లి పేరున్న కారులో!

మా ఊళ్ళో ఒక రైస్ మిల్లు ఉండేది. ఆ మిల్లు బియ్యం పేరు చెబితే రాజమండ్రిలో కూడా కొట్టువాడు మారుమాట్లాడకుండా బస్తా దించుకునేవాడు. ఓనరు గారు పెద్దవారయ్యారు, పిల్లలు వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు, మిల్లు మూతపడింది. కొన్నాళ్ళకి అదే పేరు, అదే బొమ్మ ఉన్న బస్తాలు మళ్ళీ కొట్లలో కనిపించాయి. పేరు ఎవరికో ఇచ్చారట, బియ్యం ఎక్కడో ఆడించినవి. మా అమ్మ గుప్పెడు చేతిలోకి తీసుకుని చూసి, ఇవి మన మిల్లువి కావురా అంది. ఆల్ఫా పేరున్న సౌబర్ కారు చూసినప్పుడల్లా నాకు మా అమ్మ చెయ్యి గుర్తొస్తుంది.

ఆల్ఫా మళ్ళీ వస్తుందా అని అభిమానులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. రావాలనే నా కోరిక. కానీ బస్తా మీద బొమ్మలా కాదు, మిల్లు తిరగాలి. స్విట్జర్లాండ్‌లోని హిన్‌విల్‌లో ఉన్న అదే సౌబర్ షెడ్డులోకి 2026లో ఆడి కార్ల కంపెనీ వచ్చింది, జర్మనీలో తయారు చేసుకున్న సొంత ఇంజన్‌తో. ఆ ఏడాది నుంచి ఫార్ములా వన్ బలంలో దాదాపు సగం బ్యాటరీ, మోటారు ఇవ్వాలి. ఒక్క మోటారే 350 కిలోవాట్లు. రూల్స్ మారినప్పుడు పాత వాళ్ళూ కొత్త వాళ్ళూ మొదటి గీత దగ్గరికి వస్తారు. ఆడి ఆ సమయం చూసుకుంది. ఆల్ఫా అదే గుమ్మంలో నుంచి బయటికి వెళ్ళిపోయింది.

ఇంజన్ వదులుకోవడం ఎంత తేలికో ఫ్రాన్స్ కంపెనీ రెనో చూపించింది. 1977లో టర్బో ఇంజన్‌తో, అంటే పొగ తోపుతో తిరిగే తిత్తి ఉన్న ఇంజన్‌తో, ఫార్ములా వన్‌కి మొదట వచ్చింది వాళ్ళే. పొగలు కక్కుతూ ఆగిపోతుంటే పసుపు టీ కెటిల్ అని నవ్వారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1979లో సొంత గడ్డ దిజోన్‌లో గెలిచారు. అలాంటి రెనో 2025తో ఫార్ములా వన్ ఇంజన్ల పని ఆపేసింది. వాళ్ళ ఆల్పీన్ కార్లలో ఇప్పుడు మెర్సిడెస్ ఇంజన్. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఓర్పు కావాలి. హోండా 2015లో ఫార్ములా వన్‌కి తిరిగొచ్చి మెక్‌లారెన్ టీముతో మూడేళ్ళు నానా అగచాట్లు పడింది. 2021లో అదే హోండా ఇంజన్‌తో వెర్‌స్టాపెన్ అనే డ్రైవర్ చాంపియన్ అయ్యాడు. ఆరేడేళ్ళు పట్టింది. కొబ్బరి మొక్క నాటి మొదటి గెల కోసం అన్నేళ్ళూ ఎదురుచూసే కోనసీమ రైతుకి ఇది లెక్కలోది కాదు. కంపెనీ పెద్దలకి మాత్రం మూడు నెలలకోసారి లాభం చూపించాలన్న టెన్షన్.

అందుకే నా అభిప్రాయం, ఆల్ఫా లె మాన్స్‌కి వెళ్ళాలి. ఫ్రాన్స్‌లో 24 గంటలు ఆగకుండా జరిగే రేసు అది. 1931 నుంచి 1934 దాకా వరసగా నాలుగేళ్ళు ఆల్ఫా గెలిచింది, అదీ యానో ఇంజన్‌తో. అక్కడి రూల్స్‌లో ఒక దారి ఉంది. చట్రం నలుగురు గుర్తింపు పొందిన తయారీదారుల్లో ఒకరి దగ్గర కొనుక్కోవచ్చు, హైబ్రిడ్ భాగం, అంటే బ్యాటరీ, మోటారు, అందరికీ ఒకటే, పెట్రోలు ఇంజన్ మాత్రం ఎవరిది వాళ్ళది. ఆ నలుగురిలో దల్లారా ఇటలీ వాళ్ళే. ఫార్ములా వన్ అంత ఖర్చు లేకుండా సొంత ఇంజన్ పెట్టుకునే దారి ఇది. ఫెరారీ కూడా యాభై ఏళ్ళ తర్వాత 2023లో అక్కడ పెద్ద తరగతికి తిరిగొచ్చి, వచ్చిన ఏడాదే గెలిచింది. తర్వాత రెండేళ్ళు కూడా గెలిచింది. వాళ్ళది సొంత కారు.

ఒక అడ్డంకి ఉంది, దాచను. ఆల్ఫా ఇప్పుడున్న స్టెల్లాంటిస్ గ్రూపులోనే పెజో కూడా ఉంది, పెజో ఇప్పటికే ఆ రేసులో దిగింది. ఒకే ఇంటి వాళ్ళు రెండు బళ్ళు ఎందుకు కడతారని అడగొచ్చు. అది డబ్బు లెక్క చూసే వాళ్ళ ప్రశ్న, న్యాయమైనదే. నాలుగాకుల గుర్తు మీద ప్రేమ ఉన్నవాడిగా నేను వేరే లెక్క వేస్తాను.

24 గంటల రేసంటే ఏంటో ఈ జిల్లాలో వేరే చెప్పాలా? ఉండి వైపు రొయ్యల చెరువు గట్టు మీద పడుకున్న వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. రాత్రి రెండింటికి కరెంటు పోతే జనరేటర్ తిరగాలి, ఏరేటర్లు ఆగకూడదు. ఆగితే తెల్లారేసరికి చెరువు మొత్తం తేలిపోతుంది. ఆ చప్పుడు తేడా వస్తే నిద్రలో కూడా లేచి కూర్చుంటారు మీరు. లె మాన్స్‌లో రాత్రి మూడు గంటలకి పిట్‌లో, అంటే ట్రాక్ పక్క షెడ్డులో, కూర్చున్న ఇంజనీరు వినేది కూడా అలాంటి చప్పుడే.

నేను ఇక్కడితో ఆపుతాను. ఆ కిటికీ పక్క బల్ల మీద మా నాన్నగారి ఫియట్ హెడ్ పెట్టించాను, కార్బొరేటర్ కూడా ఉంది. పిల్లలూ, గాలి ఏ దారిన లోపలికి వెళ్తుందో వేలు పెట్టి చూడండి. వాల్వులు ఎలా కూర్చుంటాయో మేస్త్రీలు విప్పి చూపిస్తారు.