వంటింటికి ఒక సొంత వైరు

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నంలో ఓడరేవు దగ్గర కొండరాతి కింద బాగా లోతున తొలిచిన గుహ ఒకటి ఉంది. అందులో 60 వేల టన్నుల వంటగ్యాస్ నిల్వ చేయొచ్చు. 2007 నుంచి వాడుకలో ఉంది. గల్ఫ్ దేశాల నుంచి ఓడల్లో వచ్చే గ్యాస్‌ను దించుకుని దాచేది అక్కడే. మన దేశం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా ఇలా బయట కొన్నదే. గల్ఫ్ ఓడలు దాటి రావాల్సిన ఇరుకు సముద్రదారి, అక్కడెక్కడో ఉన్న హార్ముజ్ జలసంధిలో గొడవ మొదలైతే ఇక్కడ ఏలూరులోనో, వరంగల్‌లోనో వంట చేసుకునేవాళ్ళకు టెన్షన్.

గ్యాస్‌ను నేను చిన్నచూపు చూడడం లేదు. పేదింటి ఆడవాళ్ళకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. కట్టెల పొయ్యి పొగలో కళ్ళు మండి, దగ్గుతూ వండిన లక్షలాది ఆడవాళ్ళకు ఊపిరాడింది. ఇప్పుడు వేయాల్సిన అడుగు దాని తర్వాతది. అదే కరెంటు పొయ్యి.

ఇండక్షన్ పొయ్యిలో మంట ఉండదు. పైనున్న గాజుపలక కింద రాగి తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు అటూ ఇటూ అతివేగంగా పారినప్పుడు అయస్కాంత క్షేత్రం పుడుతుంది, దానివల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. అందుకే మూడు, నాలుగు గ్లాసుల నీళ్ళు పెట్టి చూస్తూ ఉండగానే మరుగుతాయి. గ్యాస్ మంట వేడిలో చాలా భాగం గిన్నె పక్కల నుంచి గాల్లోకి పోతుంది. మే నెలలో పొయ్యి ముందు నిలబడి చెమటలు కక్కేది ఆ వృథా వేడికే.

గిన్నెల విషయం ముందే చూసుకోవాలి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టండి. గట్టిగా పట్టుకుంటే పనికొస్తుంది. మామూలు అల్యూమినియం కుక్కరు, రాగి గిన్నె, మట్టికుండ పనికిరావు. అడుగు గుండ్రంగా ఉండే మూకుడుకూ కష్టమే. ఇనప దోశెపెనం మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వంకాయ కాల్చి పచ్చడి చేయాలన్నా, పుల్కా పొంగించాలన్నా మంట కావాల్సిందే. కాబట్టి సిలిండర్‌ను ఇవాళే వదిలేయమని ఎవరికీ చెప్పను. అన్నం, పప్పు, పాలు, టీ, ఇవి మాత్రమే కరెంటు మీదికి మారినా ఒక్కో సిలిండర్ ఇంకా చాలా రోజులు సరిపోతుంది.

ఖర్చు లెక్క మీరే వేసుకోవచ్చు. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి దాదాపు 180 యూనిట్ల కరెంటుకు సమానం. పొయ్యి మీద గిన్నెకు చేరేది సుమారు 110. ఇండక్షన్‌తో అంత పని జరగాలంటే 130 యూనిట్లు కావాలి. మీకు యూనిట్ 6 రూపాయలు పడితే 780 రూపాయలు. మీ ఊళ్ళో సిలిండర్ ధర పక్కన పెట్టి చూడండి. అయితే నెల వాడకం పెరిగి బిల్లు స్లాబు మారితే యూనిట్ ధర పెరుగుతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద ఉచిత కరెంటు తీసుకునేవాళ్ళు నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. ఆ అంచున ఉన్న ఇల్లు తొందరపడకూడదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మన కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే. రాత్రి బొగ్గు కరెంటుతో వండితే పొగ మన ఇంట్లో రాదు, రామగుండంలోనో సింహాద్రిలోనో ఉన్న బొగ్గు విద్యుత్ కేంద్రంలో వస్తుంది. బొగ్గుపులుసు వాయువు గ్యాస్ కంటే ఎక్కువే వెలువడుతుంది. ఎండ ఉన్న వేళ, మన మేడ మీది సోలార్ పలకల కరెంటుతో వండితే లెక్క తిరగబడుతుంది. 2024లో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల దాకా సబ్సిడీ ఉంది. సొంత మేడ ఉన్నవాళ్ళు కరెంటు పొయ్యి, సోలార్ పలకలు రెండూ కలిపి ఆలోచించాలి.

స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే మాత్రం ఆలోచన కూడా అక్కర్లేదు, తీసేయండి. తలుపులు మూసిన చిన్న గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, స్నానం చేస్తూనే మనిషి పడిపోతాడు. హాస్టళ్ళు, హోటళ్ళలాంటి పెద్ద భవనాలకు హీట్ పంపు మంచిది. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళకిస్తుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది.

నా అసలు బాధ కొత్త ఇళ్ళ గురించి. లక్షలు పోసి గ్రానైటు గట్టు వేయిస్తారు, చిమ్నీ పెట్టిస్తారు. పొయ్యి దగ్గర చూస్తే మిక్సీకి సరిపోయే చిన్న ప్లగ్గు ఒక్కటే ఉంటుంది. రెండు వేల వాట్ల పొయ్యిని దానికి పెడితే ప్లగ్గు కాలుతుంది, వైరు కరుగుతుంది. తర్వాత టైల్స్ పగలగొట్టాలంటే ఎవరికి మనసొప్పుతుంది? గోడలు చెక్కి పైపులు వేసే దశలో ఉన్నవాళ్ళు ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మీటరు బోర్డు నుంచి వంటింటికి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్), సరైన ఎర్తింగ్, పొయ్యి గట్టు పక్కన రెండు 16 ఆంప్స్ ప్లగ్గులు అడగండి. కరెంటాఫీసులో లోడు ఎంత మంజూరైందో బిల్లు మీదే ఉంటుంది. ఒక కిలోవాటే ఉంటే పెంచమని దరఖాస్తు పెట్టండి. అపార్ట్‌మెంట్ కొంటున్నవాళ్ళు రిజిస్ట్రేషన్‌కు ముందే బిల్డర్‌తో ఈ మాట రాయించుకోండి.