ఫ్రేమ్ నాలుగు అంచులూ చూశాకే క్లిక్కు

అందరికీ నమస్కారం అండీ. ఇక్కడ ఎక్కువమంది చేతుల్లో ఫోన్లే ఉన్నాయి, కొందరి దగ్గర కొత్త కెమెరాలు కూడా కనిపిస్తున్నాయి, ఏదున్నా పర్లేదు, ఇవాళ్టి టాపిక్‌కి రెండూ సరిపోతాయి. సెట్టింగులు, లెన్సులు వీటి జోలికి ఇవాళ వెళ్లను. కంపోజిషన్ ఒక్కటే మాట్లాడతా. అంటే ఫ్రేమ్‌లోకి దేన్ని రానివ్వాలి, దేన్ని బయటే ఆపాలి, లోపలికి వచ్చినవాటిని ఎక్కడ ఉంచాలి, అంతే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఏది తీయాలో బాగానే పట్టుకుంటారండీ, నిజంగా, కానీ దాని పక్కన, వెనకాల ఏముందో చూడరు. తొంభై శాతం గొడవ అక్కడే.

ఉదాహరణకి మిర్చి కల్లం తీసుకుందాం. ఫిబ్రవరి, మార్చిలో గుంటూరు, పల్నాడు వైపు వెళ్తే పొలాల పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటాయి, మధ్యలో ఆడవాళ్లు కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. ఆ ఎరుపు చూసి ఎవరైనా బండి ఆపాల్సిందే. ఆపి ఏం చేస్తారు, రోడ్డు మీదే నిలబడి కంటి ఎత్తులో ఫోన్ పెట్టి నొక్కేస్తారు. తీరా చూస్తే సగం ఫ్రేమ్ తెల్లటి ఆకాశం, ఓ మూల కరెంటు స్తంభం, వెనక ట్రాక్టరు, కింద ఎక్కడో సన్నగా ఒక ఎర్ర చార. అక్కడ మనల్ని ఆపిన ఎరుపు ఏదీ? అది ఫొటోలోకి రాలేదు.

ఇప్పుడు అదే చోట రైతునడిగి ట్రాక్టరు ట్రక్కు ఎక్కండి, కెమెరాని కిందకి వంచండి. ఆకాశం పోయింది, స్తంభం పోయింది, ఫ్రేమ్ నిండా మిరపకాయలే. అందులో ఒకామె ఆకుపచ్చ చీర కట్టుకుని ఉందనుకోండి, ఎరుపు మీద ఆకుపచ్చ ఎంత చిన్నగా ఉన్నా ముందు అదే కనపడుతుంది, ఎందుకంటే ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు రంగులు. ఆమె ఎడమవైపుకి వంగి ఏరుతోంది కాబట్టి ఆమె ఫ్రేమ్‌లో కొంచెం కుడికి వచ్చేలా కెమెరా జరిపి, ఎడమవైపు ఖాళీ వదలండి, చూసేవాళ్లకి ఆమె చెయ్యి ఎటు పోతోందో తెలుస్తుంది. ఇక అంచులు. కుడి అంచులో ఒక బుట్ట సగం తెగిపోయి ఉంది, దాన్ని పూర్తిగా లోపలికి తీసుకోండి లేదా పూర్తిగా బయటికి పంపండి. పక్కనే ఏరి పోసిన తాలుకాయల కుప్ప ఉంది, తెల్లగా వెలిసిపోయినట్టు ఉంటాయి కదా అవి, చుట్టూ ఎరుపు కాబట్టి ఆ తెలుపు కన్నుని గట్టిగా లాగుతుంది. దాన్ని ఆమె చేతి ముందుకి వచ్చేలా పెట్టుకుంటే ఆమె చేస్తున్న పని మొత్తం అర్థమవుతుంది, అదే కుప్ప ఓ మూలకి పోతే ఫొటో రెండు ముక్కలైపోతుంది.

ఈ లాగడం గురించి కొంచెం చెప్పాలి. మన కన్నుని లాగేవి కొన్నున్నాయి, వెలుతురు ఎక్కువున్న చోటు, మనిషి మొహం, కొట్టొచ్చే రంగులు, ఇంకా అక్షరాలు, అక్షరం కనపడితే చదవకుండా ఉండలేం. మన ఊళ్లలో ఫ్లెక్సీలు ఎంత పెద్ద సమస్యో ఆలోచించండి, ముందర ఎంత మంచి మొహం ఉన్నా వెనక ఫ్లెక్సీ ఉంటే చూసేవాళ్లు అదే చదువుతారు. రెండడుగులు పక్కకి జరగండి, లేదా కింద కూర్చుని తీయండి, సాధారణంగా ఆ మనిషే దానికి అడ్డమొచ్చేస్తాడు. తల మీంచి స్తంభం మొలిచినట్టు వచ్చే ఫొటోలకి కూడా ఇదే మందు. జూమ్ కన్నా కాళ్లు ఎక్కువ పని చేస్తాయండీ కంపోజిషన్‌లో.

ఇక రూల్ ఆఫ్ థర్డ్స్, అందరూ వినే ఉంటారు, ఫోన్‌లో గ్రిడ్ ఆన్ చేస్తే తొమ్మిది గళ్లు వస్తాయే, అదే, ముఖ్యమైనదాన్ని నడిమధ్యన కాకుండా ఆ మూడో వంతు గీతల మీద పెట్టమంటుంది. ఈ పేరు కెమెరా పుట్టకముందే ఉంది, జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1797లో పల్లె దృశ్యాలు ఎలా గీయాలో చెప్తూ రాశాడు. మొదట్లో ఇది బాగా ఉపయోగపడుతుంది, ప్రతిదాన్నీ నట్టనడుమ పెట్టే అలవాటు పోగొడుతుంది, సముద్రం గీత వంకరగా ఉందో లేదో కూడా చూపిస్తుంది. అయితే దాన్ని చట్టం లాగా పట్టుకోవద్దు. 1591లో కట్టిన చార్మినార్‌నే చూడండి, నాలుగు వైపులా ఒకేలాంటి కమాన్లు, నాలుగు మూలలా మినార్లు, కట్టినవాళ్లే దాన్ని రెండువైపులా సమానంగా ఆలోచించి కట్టారు. దాన్ని మూడో వంతు గీత మీదకి నెడితే ఆ కట్టడానికి అన్యాయం చేసినట్టే. దగ్గర్లోనే చార్‌కమాన్ అని నాలుగు కమాన్లున్న చోటుంది, అందులో చార్మినార్ వైపున్న కమాను కింద నిలబడి, ఆ కమానునే చట్రంగా పెట్టుకుని సరిగ్గా మధ్యలో తీయండి.

నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఒకటుంది, ఫొటోని తలకిందులు చేసి చూడటం, ఇది మాత్రం తప్పకుండా చేయండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్ దయాళ్ తెలుసు కదా, 1844లో పుట్టారు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. ఆ కాలపు పెద్ద కెమెరాల్లో వెనకున్న గాజు పలక మీద బొమ్మ తలకిందులుగా పడేది, నల్ల గుడ్డ కప్పుకుని అలాగే చూసి ఫ్రేమ్ సరిచేసుకోవాలి. తలకిందులుగా చూస్తే అది ఏనుగా, నవాబా, మహలా అన్నది వెనక్కి పోయి ఆకారాలు, వెలుగు, నీడ, బరువు ఎటు ఒరిగిందో అది మాత్రమే తెలుస్తుంది. మీరు తీసిన ఫొటోని ఫోన్‌లో తలకిందులు చేసి చూడండి, ఏది అనవసరంగా లాగుతోందో వెంటనే దొరికిపోతుంది.

గీతల గురించి రెండు ముక్కలు. రోడ్డు, రైలు పట్టా, గోడ, ఇవన్నీ కన్నుని ఒకచోటికి తీసుకెళ్తాయి, కానీ వెళ్లాక అక్కడ ఏదో ఒకటి ఉండాలి. రాజమండ్రిలో గోదావరి ఆర్చ్ బ్రిడ్జి గట్టుకి దగ్గరగా నిలబడి తీస్తే ఆర్చీలు ఒకదాని వెనక ఒకటి చిన్నవైపోతూ భలే వస్తాయి, కానీ ఆ వరస చివర ఖాళీగా ఉంటే ఫొటో కూడా ఖాళీయే. ఒక పడవ వచ్చేదాకా ఆగండి.

ఆగడం అన్నాను కాబట్టి, హెన్రీ కార్టియే బ్రెస్సోన్ అనే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ 1932లో ఫ్రాన్స్‌లోని ఇయేర్ అనే ఊళ్లో తీసిన ఫొటో ఒకటి చూడండి, నెట్‌లో సులభంగా దొరుకుతుంది. పైనుంచి తీసింది, మెలికలు తిరిగిన మెట్లు, ఇనప రెయిలింగు, కింద వీధిలో దూసుకుపోతున్న ఒక సైకిలు. ఆ సైకిలు మీద వేలు పెట్టి మూసేసి చూడండి. మెట్ల వంపు ఇంకా బాగానే ఉంటుంది, కానీ ఆ వంపంతా ఎక్కడికో తీసుకెళ్లి వదిలేసినట్టు ఉంటుంది. ఇప్పుడు వేలు తీయండి. ముందు చోటు, తర్వాత మనిషి, ఈ వరసలో ఆలోచించడం వీధి ఫొటోలకి చాలా బాగా పనికొస్తుంది, మంచి గోడ, మంచి నీడ దొరికితే ఫ్రేమ్ కట్టుకుని నిలబడండి, మన బజార్లలో ఎవరో ఒకరు రాకుండా ఉండరు.

సరే, ఇప్పుడు గ్రిడ్ ఆన్ చేసి అందరూ బయటికి రండి. గేటు దగ్గర టీ బండి ఉంది, బండాయనతో మాట్లాడి ఉంచాను, ఫొటోలు తీసుకోమన్నాడు. ఆ ఒక్క బండినే ఐదు చోట్ల నుంచి తీయాలి, జూమ్ వద్దు, ప్రతిసారీ నొక్కేముందు కన్ను నాలుగు అంచుల వెంబడి ఒక చుట్టు తిరగాలి. వెనక ఫ్లెక్సీ ఉంది, దాన్ని ఎలా తప్పిస్తారో చూస్తా. అరగంటలో తిరిగొచ్చి అందరివీ తలకిందులు చేసి చూద్దాం.