సైకిల్ ఎక్కని మూడు వారాలు

అందరికీ నమస్కారం. ఈసారి వీడియోలో రోడ్డు కనిపించదు. సైకిల్‌ని గోడకి ఆనించి 12 రోజులైంది, ఇంకో 9 రోజులు అక్కడే ఉంటుంది.

సీజన్ చివరి నెలలో పొద్దున అలారం మోగినా లేవబుద్ధయ్యేది కాదు. రోజూ తేలిగ్గా తొక్కే వాట్లకే (పెడల్ మీద పెట్టే పవర్‌ని వాట్లలోనే కొలుస్తాం) కాళ్లు బరువెక్కేవి. ఎంత తొక్కినా హార్ట్ రేట్ పైకి వెళ్లేది కాదు, రాత్రి నిద్ర పట్టేది కాదు. ట్రైనింగ్ చాలడం లేదేమో అనుకుని వారానికి రెండు ఇంటర్వల్ సెషన్లని (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి తొక్కడం) మూడు చేశాను. అదే పెద్ద పొరపాటు. ఒంటికి కావాల్సింది విశ్రాంతి, అందుకే మూడు వారాలు సైకిల్ ఆపేశాను.

ఆపిన మొదటి వారం మాత్రం ఒకటే టెన్షన్, ఏడాది కష్టమంతా పోతుందేమోనని. మీలో చాలామందికీ ఇదే భయం ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఫిట్‌నెస్ తగ్గడం నిజమే. 1984లో ఎడ్వర్డ్ కాయిల్ అనే వ్యాయామ పరిశోధకుడి బృందం మంచి ఫామ్‌లో ఉన్న అథ్లెట్ల చేత ట్రైనింగ్ పూర్తిగా మాన్పించి చూసింది. మూడు వారాల్లో వాళ్ల వీఓటూ మ్యాక్స్, అంటే ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగలిగే ఆక్సిజన్, 7 శాతం తగ్గింది. ముందుగా తగ్గేది కండ కాదండీ, రక్తంలోని ద్రవభాగం, ప్లాస్మా. దాంతో గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం తగ్గుతుంది. మళ్లీ సైకిల్ ఎక్కిన రోజు చిన్న ఎత్తుకే ఆయాసం వచ్చేది అందుకే. ట్రైనింగ్ మొదలుపెడితే ప్లాస్మా కొద్ది రోజుల్లోనే పెరుగుతుంది. ఇక కండరాల్లో ఏళ్ల తరబడి అల్లుకున్న సన్నటి రక్తనాళాలైతే 84 రోజులు మానేసినా తగ్గలేదని అదే పరిశోధనలో తేలింది. అది చదివాక నాకు ఎంత ఊరటగా అనిపించిందో!

చాలామంది ప్రొఫెషనల్ రైడర్లు కూడా అక్టోబర్‌లో ఇటలీలో సీజన్ చివర్లో జరిగే పెద్ద రేసు ఇల్ లొంబార్డియా అయ్యాక కొన్ని వారాలు సైకిల్ పక్కన పెట్టేస్తారు.

ఇప్పుడు నాకు నిద్ర బాగా పడుతోంది. హ్యాండిల్‌బార్ ఒత్తిడికి చిటికెన వేలికి వచ్చిన తిమ్మిరి పోయింది. రోజూ నడుస్తున్నాను, ఎందుకంటే సైకిల్ మీద ఎముకలకి శరీర బరువు పెద్దగా పడదు, నడకలో పడుతుంది. అన్నిటికంటే సంతోషం ఏంటంటే, ఇండియాలో ఉన్న అమ్మతో ఆదివారం వీడియో కాల్. ఎప్పుడూ రైడ్ నుంచి వచ్చి, చెమట తుడుచుకుంటూ ఐదు నిమిషాల్లో పెట్టేసేవాణ్ణి. మొన్న గంటన్నర మాట్లాడుకున్నాం.

22వ రోజు పొద్దున ఎక్కుతాను. మొదటి వారం ఎన్ని వాట్లు తొక్కుతున్నానో చూపే పవర్ మీటర్ ఆన్ చేయను, గంటకి మించి తొక్కను. ఆ రైడ్‌కి కెమెరా కూడా వస్తుంది.